హఠాత్తుగా ఆగిపోవు లాప్‌టాపు



నేను ముప్పది నాలుగేండ్లు తెలుగు పండితుడనుగా బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. గురుముఖమున నేర్చినది వ్యాకరణము, కావ్యములు, కొంత తర్కము. విద్యుచ్ఛాస్త్రము నా చదువులో లేదు. అట్టివాడు లాప్‌టాపు బ్యాటరీని గూర్చి ప్రసంగింప బూనుట విని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. కాని నేడు పల్లెలలో పెక్కు ఇండ్లయందు కొడుకో, కూతురో, మనుమడో విడిచిపోయిన పాత లాప్‌టాపు ఒకటి యున్నది. దానియందే దూరదేశములలోని బిడ్డల ముఖములు చూచుచున్నాము. భూముల పత్రములు చూచుకొనుచున్నాము. నావంటివారు వ్రాతపని చేసికొనుచున్నారు. అది పని నడుమ చెప్పకయే ఆగిపోయినపుడు ముందుగా ఏమి చూడవలెనో, ఎవరి మాట నమ్మవలెనో తెలియక నేను పడిన యిబ్బంది మీరు పడకుందురు గాక యని యీ ప్రసంగమునకు ఒప్పుకొంటిని.

రెండేండ్ల క్రిందటి మాట. మా మేనత్తకు అప్పటికి 88 ఏండ్లు. నాట్ల పాటలు, దంపుళ్ల పాటలు, అప్పగింతల పాటలు ఆమెకు వచ్చినన్ని మా ఊరిలో మఱి యెవరికిని రావు. వేసవి సాయంకాలములందు అరుగు మీద కూర్చుండి ఆమె పాడుచుండగా నేను లాప్‌టాపులో వ్రాసికొనుచుంటిని. ఒకనాడు ఆమెకు మంచి ఊపు వచ్చి వరుసగా పదకొండు పాటలు పాడినది. పండ్రెండవ పాట సగములో నుండగా తెఱ నల్లబడినది. అంతకు క్షణము ముందే బ్యాటరీలో నూటికి 34 వంతులు మిగిలియున్నట్లు మూలనున్న అంకె చూపుచుండెను. మీట నొక్కితిని, లేచినది, ఇంకను 29 వంతులున్నవని చూపినది, రెండు నిమిషములకు మరల పడిపోయినది. నేను వాడుచున్నది తనంత తాను వ్రాతను దాచుకొనని చిన్న ప్రోగ్రాము. దాచవలెనన్న తలపు పాటల సందడిలో నాకు లేకపోయెను. పదకొండు పాటలును పోయినవి. “అత్తయ్యా, ఇంకొకసారి పాడవా” అని అడిగితిని. “పాట దానంతట అది రావాలిరా, పిలిస్తే వస్తుందా?” అని ఆమె లేచి లోపలికి పోయినది.

మఱునాడు పట్టణములో ఒక మరమ్మతు దుకాణమునకు యంత్రమును కొనిపోతిని. దుకాణదారు దానిని ఒకసారి వెలిగించి చూచి, మదర్‌బోర్డు, అనగా లోపలి ప్రధాన ఫలకము, చెడిపోయినదనియు, 14 వేల రూపాయలగుననియు చెప్పెను. అంత సొమ్ము పెట్టుటకు మనసొప్పక ఇల్లు చేరితిని. మా చెల్లెలి కుమారుడు ఇంజనీరింగు చదువుచున్నవాడు. వాడు సంగతి విని, “మామయ్యా, ఫలకం పోతే ఛార్జరు పెట్టినా ఆగిపోవాలి కదా. ముందు అది చూద్దాం” అన్నాడు.

ఈ మాట నాకు చటుక్కున పట్టినది. తర్కము చదివినవారు దీనిని అన్వయవ్యతిరేకములందురు. ఒకటి యున్నపుడు రెండవది యుండుట, అది లేనపుడు రెండవది లేకుండుట; ఈ రెండును చూచిన గాని ఇది కారణము, ఇది కార్యము అని నిశ్చయింపరాదు. ఛార్జరు తగిలించి రెండు గంటలు పని చేసితిమి. యంత్రము చెక్కుచెదరలేదు. ఛార్జరు తీసి అదే పని చేసితిమి. ఇరువది నిమిషములలో ఆగిపోయినది. మరల తగిలించితిమి, నిలిచినది. దోషము బ్యాటరీని ఆశ్రయించి యున్నదే గాని ఫలకమును ఆశ్రయించి లేదని తేలినది. రూపాయి ఖర్చు లేని యీ పరీక్షను మీరును మొదట చేయవలెను. పాతరకపు లాప్‌టాపులలో బ్యాటరీని వెనుకవైపు గొళ్లెములు జరిపి ఊడదీయవచ్చును. అట్టివాటిలో యంత్రమును ఆర్పి, బ్యాటరీని తీసివేసి, ఛార్జరుతోనే నడిపి చూచినయెడల సంగతి ఇంకను స్పష్టమగును.

సరే, నూటికి 34 వంతులు మిగిలియుండగా బ్యాటరీ ఎట్లు చేతులెత్తినది? నన్ను చాలనాళ్లు తికమక పెట్టిన ప్రశ్న ఇదియే. మెట్టసీమలో బోరుల క్రింద వ్యవసాయము చేసినవారికి దీని సమాధానము తేలికగా తెలియును. ఊట తగ్గిన బోరును మీరెఱుగుదురు. మోటారు వేసిన పది నిమిషములు నీరు బాగుగనే పోయును. తరువాత గాలి పట్టును. బోరు ఎండిపోయినదా? లేదు. మోటారు కట్టివేసి గంటసేపు ఆగి వేసినచో మరల పది నిమిషములు పోయును. నీరు లోపల నున్నది; మోటారు లాగునంత వేగముగా ఊరుటకు దానికి శక్తి లేదు. వయసు మళ్లిన బ్యాటరీ యును అంతియే. లోపల విద్యుత్తు కొంత యున్నను, అది వెలికి వచ్చు త్రోవలో అడ్డు పెరిగిపోవును. యంత్రము ఒక్కసారిగా ఎక్కువ కోరినపుడు దాని వోల్టేజి జారిపోవును. జారి ఒక మేర దాటగనే లోపలి రక్షణ ఏర్పాటు ప్రవాహమును తెగకోయును. కొంత సేపు ఊరకున్న పిదప వోల్టేజి తేరుకొనును. అందుచేతనే మీట నొక్కగా లేచి, 29 అని చూపి, మరల పడిపోవుట.

ఇదే సంగతి ఇంటిలోనే చూడవచ్చును. టార్చిలైటులో ఇక వెలుగదని తీసివేసిన సెల్లును గోడగడియారములో వేసి చూడుడు; నెలల తరబడి నడచును. గడియారము కోరునది చాల కొంచెము. టార్చి కోరునది ఎక్కువ. లాప్‌టాపు ఒక్క యంత్రమే సమయమును బట్టి గడియారముగను, టార్చిగను ఉండును. ఊరక అక్షరములు చదువుచున్నంత సేపు పది వాట్లకు అటునిటుగా వాడుకొనును. బొమ్మలాడించుచు మనుమలతో మాటలాడునపుడు అంతకు రెండింతలు, మూడింతలు కోరవచ్చును. పుస్తకము చదువునపుడు నిలిచి, వీడియో పెట్టగనే పడిపోవు యంత్రము మీ యింటిలో నున్నచో బ్యాటరీని అనుమానింపుడు.

మూలనుండు అంకెను గూర్చి ఒక మాట. మనము దానిని కుండలో నీటిమట్టమువలె ప్రత్యక్షముగా చూచుచున్నామనుకొందుము. నిజమునకు అది అనుమానప్రమాణము. బ్యాటరీలో నొక చిన్న గణకుడు కూర్చుండి, లోనికెంత పోయినది, వెలికెంత వచ్చినది, వోల్టేజి యెంత యున్నది అని లెక్కగట్టి ఇంత మిగిలియుండును అని ఊహించి చెప్పును. బ్యాటరీ ముసలిదైన కొలది ఆ లెక్క తప్పుచుండును. ఒకసారి నిండుగా నింపి, తరువాత తగ్గనిచ్చి, మరల నిండుగా నింపినయెడల లెక్క కొంత సరిపడును. దీనివలన అంకె దిద్దబడును గాని పోయిన సత్తువ తిరిగి రాదు. ఇట్లు చేసిన బ్యాటరీ బాగుపడునని చెప్పువారి మాట నమ్మవలదు.

ఇక ఈ బ్యాటరీ ఎట్టిది? లోపల మూడో, నాలుగో సెల్లులు వరుసగా గూర్చబడి యుండును. ఒక్కొక్కటి నిండినపుడు సుమారు 4.2 వోల్టులు, ఖాళీ యగునపుడు సుమారు 3 వోల్టులు. వీనిని లిథియం అయాన్ సెల్లులందురు. వీనిని మొదట అంగడికి తెచ్చినది జపానులోని సోనీ సంస్థ, 1991లో. వీని నిర్మాణమునకు బాటవేసిన స్టాన్లీ విటింగ్‌హాం, జాన్ గుడ్‌ఇనఫ్, అకీరా యొషీనో అను మువ్వురకు 2019లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. గుడ్‌ఇనఫ్ మహాశయునకు అప్పుడు 97 ఏండ్లు. అంత వయసున ఆ బహుమానమును అందుకొన్నవారు అంతకుముందు లేరు. వృద్ధుల సభలో చెప్పదగిన మాట గనుక చెప్పితిని.

ఆ సెల్లులు పుట్టిననాటినుండియు కొంచెము కొంచెముగా క్షీణించుచునే యుండును. ఒకసారి నిండి ఒకసారి ఖాళీ యగుట ఒక ఆవృత్తి. సాధారణముగా 300 మొదలు 500 ఆవృత్తులు గడచునప్పటికి మొదటి సత్తువలో నూటికి 80 వంతులు మిగులును. మేలైనవి అంతకు మించియు వచ్చును. వాడక మూలబెట్టినను వయసు ఆగదు.

మీ బ్యాటరీకి ఎంత సత్తువ మిగిలినదో యంత్రమే చెప్పును. విండోస్ అను పద్ధతిపై నడచు లాప్‌టాపులందు వెదకు స్థలములో సి, ఎం, డి అను మూడు ఇంగ్లీషు అక్షరములు కొట్టినచో ఒక నల్లని గడి తెఱచుకొనును. అందు పి, ఓ, డబ్ల్యు, ఇ, ఆర్, సి, ఎఫ్, జి అని కలిపి కొట్టి, ఒక ఎడము విడిచి, ప్రశ్నార్థకపు మీట మీదనే యుండు వాలుగీతను కొట్టి, దాని వెంబడినే బ్యాటరీ, రిపోర్ట్ అను రెండు ఇంగ్లీషు మాటలను ఎడము లేక కలిపి కొట్టి, ఎంటరు మీట నొక్కవలెను. నివేదిక ఎచ్చట దాచబడినదో ఆ గడిలోనే కనబడును. దానిని తెఱచినచో చాల లెక్కలుండును. మనకు కావలసినవి రెండే. డిజైన్ కెపాసిటీ అనగా పుట్టినప్పటి సత్తువ. ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అనగా నేడు నిండుగా నింపినను పట్టునది. ఆపిల్ సంస్థవారి లాప్‌టాపులలో ఇంత శ్రమ లేదు. సెట్టింగులలో బ్యాటరీ అను చోట దాని ఆరోగ్యము వ్రాసి యుండును.

నా యంత్రములో మొదటి అంకె 41,040, రెండవది 16,800. ఇవి మిల్లీవాట్ గంటల లెక్క. వేయిచే భాగించినచో 41 వాట్ గంటలు పట్టవలసినది 17 కూడ పట్టుట లేదు. పది బస్తాలు పట్టిన గాదెలో నాలుగే పట్టుచున్నవన్నమాట. సగముకంటె తగ్గిన బ్యాటరీని ఇక నమ్మరాదని నా అభిప్రాయము. ఇంకొక సంగతి. మన కరెంటు మీటరులో ఒక యూనిటనగా వేయి వాట్ గంటలు. అనగా 50 వాట్ గంటల బ్యాటరీని నింపుటకు పట్టునది యూనిటులో ఇరువదియవ వంతుకు కొంచెము ఎక్కువ. లాప్‌టాపు పెట్టినందున బిల్లు పెరిగినదని కోడండ్రను గద్దించు మామగారలు ఈ లెక్కను గమనింపవలెను.

అన్ని ఆగిపోవుటలును బ్యాటరీవలననే యని చెప్పుట లేదు. నాతోడి ఉపాధ్యాయుడొకడు తన యంత్రము ఛార్జరు పెట్టియున్నను ఆగిపోవుచున్నదని చెప్పెను. పోయి చూచితిని. మంచము మీద బొంత, బొంత మీద దిండు, దిండు మీద లాప్‌టాపు! దాని పేరునకు ఒడిలో పెట్టుకొనునది యని అర్థమైనను, బల్లయే దానికి తగిన చోటు. దాని క్రిందను ప్రక్కలను గాలి పీల్చు సందులుండును. లోపలి చిన్న పంకా ఆ గాలిని లాగి వేడిని బయటకు నెట్టును. సందులు మూసికొనిపోయినను, పంకాలో దుమ్ము అట్టగట్టినను లోపలి ప్రాసెసరు కాగును. నూఱు డిగ్రీల దరికి వచ్చినచో తన ప్రాణము కాపాడుకొనుటకై యంత్రము తానే ఆగిపోవును. ఆగుటకు ముందు పంకా పెద్దగా ఈలవేయుట, అడుగుభాగము చేయి పెట్టలేనంత వేడియగుట దీని గుర్తులు. మా మిత్రుని యంత్రమును తెఱపించి దుమ్ము దులిపింపగా బాగుపడినది. మన మే నెల యెండలు దీనికి తోడు. ఆపిల్ సంస్థవారు తమ లాప్‌టాపులను 10 మొదలు 35 డిగ్రీల వాతావరణములో వాడుమని వ్రాసియున్నారు. మనకు 42, 44 డిగ్రీలు క్రొత్త కాదు. మిట్టమధ్యాహ్నము రేకుల షెడ్డులో లాప్‌టాపు నడిపి అది ఆగినదని తిట్టుట న్యాయము కాదు.

ఛార్జరును గూర్చి కొంచెమే చెప్పుదును. దానిమీద వాట్ల సంఖ్య వ్రాసి యుండును. 65 వాట్లు కావలసినదానికి 45 వాట్లది తగిలించినచో నింపుట మందగించును. పని హెచ్చినపుడు తగిలించియున్నను బ్యాటరీ తరిగిపోవచ్చును. తీగ యంత్రములో దూరు చోట వదులైనచో కదిపినప్పుడెల్ల ఛార్జింగు గుర్తు వచ్చి పోవుచుండును. అట్టి వదులు చోట వేడి పుట్టును గనుక ఆలసింపక బాగుచేయించవలెను.

ఇప్పుడు చెప్పబోవు సంగతిని మాత్రము శ్రద్ధగా వినవలెను. బ్యాటరీ ముసలిదై ఆగిపోవుచున్నచో పోవునది వ్రాత, ధనము. బ్యాటరీ ఉబ్బినచో పోవునది ఇల్లు కావచ్చును. ఈ సెల్లులు పలుచని రేకు సంచులలో నుండును. లోపలి ద్రవము వయసువలనను, వేడివలనను విడిపోయి వాయువుగా మాఱినపుడు సంచి అప్పడమువలె పొంగును. బయటికి కనబడు గుర్తులివి: వ్రేలితో రాయు చదునైన పలక పైకి లేచును, లేక నొక్కినను నొక్కబడదు, మూత సరిగా మూసికొనదు, బల్లమీద పెట్టిన లాప్‌టాపు కాలు కుఱుచయైన పీటవలె ఊగును. మా వీధిలో ఒక యింటివారు ఇట్లు లేచిన పలకను నిఘంటువు బరువు పెట్టి అణచియుంచిరి. నిఘంటువునకు ఇట్టి వినియోగము కూడ కలదని నాకు అంతవరకు తెలియదు! నేను చూచి భయపడి వెంటనే ఛార్జరు తీయించితిని.

అట్టి గుర్తులు కనబడినయెడల యంత్రమును ఆర్పి, ఛార్జరు ఊడదీసి, మరల ఎన్నడును తగిలింపరాదు. నొక్కరాదు, సూదితో పొడిచి గాలి తీయుదమని చూడరాదు. లోపల రెండు పొరల నడుమ నుండు పలుచని తెర చినిగినచో అవి యొకదానికొకటి తాకి క్షణములో మంట పుట్టును. ఒక సెల్లు మండినచో దాని వేడికి ప్రక్కది యంటుకొనును. కాగితములకు, గడ్డికి, పరుపులకు దూరముగా గచ్చు మీదనో మట్టిమీదనో పెట్టి, పని తెలిసినవానిచేత తీయింపవలెను. పొగ వచ్చినయెడల చేతితో పట్టుకొని పరుగెత్తవలదు. ఆ పొగ విషము. పిల్లలను వెలుపలికి పంపి, అందినచో ఇంటి మెయిను కట్టివేసి, అందరును బయటకు వచ్చి 101కి ఫోను చేయవలెను. తీసిన బ్యాటరీని చెత్తకుప్పలోనో చెఱువులోనో పారవేయరాదు. వాడి పారవేయు బ్యాటరీలను తిరిగి సేకరించు బాధ్యత తయారుచేసినవారిదే యని 2022లో కేంద్రప్రభుత్వము నియమములు చేసినది. క్రొత్తది కొన్నచోటనే పాతదానిని పుచ్చుకొనుమని అడుగుడు.

క్రొత్తది కొనునపుడు పాత బ్యాటరీ మీది సంఖ్యను, వోల్టులను, వాట్ గంటలను కాగితముపై వ్రాసికొని పోవలెను. వోల్టులు సరిపోవలెను. సగము ధరకు దొరకునది చూచి ఆశపడవలదు. కల్తీ సెల్లులలో రక్షణ ఏర్పాటు సరిగా లేకపోవుట కలదు. పెట్టించిన తరువాత ముందు చెప్పిన నివేదికను దుకాణములోనే తెఱచి చూచుకొనుడు. రెండు అంకెలును ఇంచుమించు సమానముగ నుండవలెను.

పూర్వపు నికెల్ కాడ్మియం సెల్లులను పూర్తిగా ఖాళీ చేసి నింపవలెననుట ఒక వాడుక. అది చూచి నేటివారు కూడ లాప్‌టాపును పూర్తిగా ఆగిపోవువరకు వాడి నింపుచున్నారు. లిథియము సెల్లులకు ఇది మేలు గాదు, కీడు. 20కిని 80కిని నడుమ ఉంచుకొనుట వీనికి హితము. ఎల్లప్పుడు ఛార్జరు తగిలించియే వాడువారు, 80 దగ్గఱ నింపుట నిలుపు ఏర్పాటు తమ యంత్రములో నున్నదేమో చూచుకొనవలెను. నేడు చాలవాటిలో నున్నది. కొన్ని నెలలు వాడక ఊరికి పోవునపుడు సగము నింపి, ఆర్పి, చల్లని చోట పెట్టుడు. అమెరికాలోని బిడ్డల వద్దకు పోవువారు లాప్‌టాపును చేతిసంచిలోనే ఉంచుకొనుడు. విడి బ్యాటరీలను విమానపు సరకుగదిలో వేయనీయరు. ఛార్జరు మీద 100 మొదలు 240 వోల్టులని వ్రాసియున్నచో అక్కడి 120 వోల్టులకును అదియే పనిచేయును. గోడకు గుచ్చు ముక్క మాత్రము మార్చవలెను.

నా యంత్రమునకు క్రొత్త బ్యాటరీ వేయించుటకు 3,200 రూపాయలైనది. మదర్‌బోర్డు నేటికిని పాతదే, బాగుగ నున్నది. వ్రాత ప్రోగ్రామును మార్చితిని. అయినను ప్రతి పాట చివర కంట్రోలు మీటతో ఎస్ అక్షరమును నొక్కుట మానలేదు. మేనత్త ఆ వానకాలములో మంచము పట్టినది. తనకు తోచినపుడు పిలిపించి పాడినది. పోయిన పదకొండింటిలో ఆఱు తిరిగి వచ్చినవి. మిగిలిన అయిదింటిలో ఒకదాని పల్లవి నాకు జ్ఞాపకమున్నది. చరణములు ఎవరికైన తెలియునేమోయని చుట్టుప్రక్కల ఊళ్లలో అడుగుచున్నాను.